సూది మొన ఎక్కడ ఉంది?

ఎం.ఆర్.ఐ.లో చూస్తూ చేసే బయాప్సీ గురించి రోగుల కుటుంబ సభ్యులకు ఒక పాఠం

"లోపల గడ్డ ఉంది, సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి" అని డాక్టరుగారు చెప్పగానే మీ ఇంట్లో అందరికీ సూది మీదే భయం పుడుతుంది. నొప్పి ఉంటుందా, రక్తం పోతుందా, సూది తగిలితే జబ్బు ఒళ్ళంతా పాకుతుందా అని ఒకరినొకరు అడుగుకుంటారు. ఈ చివరి ప్రశ్న చాలామంది అడుగుతారు కనుక దానికి ముందే జవాబు చెప్పుకుందాం. సూది వెళ్ళిన దారిలో జబ్బు కణాలు పడి పెరగడం వైద్యులు ఎరిగిన విషయమే, కాని అది చాలా అరుదు. వృషణంలో గడ్డ వంటి కొన్ని సందర్భాలలో ఆ ప్రమాదం దృష్టిలో ఉంచుకుని డాక్టర్లే సూది పెట్టరు. మిగిలిన చోట్ల ఏ జబ్బో తేలకుండా కీమోథెరపీ గాని, ఆపరేషన్ గాని మొదలుపెట్టడమే పెద్ద ప్రమాదం.

నిజంగా అడగవలసిన ప్రశ్న వేరొకటి ఉంది. దాన్ని అడిగేవారు తక్కువ. సూది గడ్డలోకే వెళ్ళిందా, లేక పక్కన ఉన్న మంచి కండలోకి వెళ్ళిందా? పక్కకు వెళ్తే ల్యాబులోని డాక్టరుగారు ఆ మంచి కండనే సూక్ష్మదర్శినిలో చూసి "క్యాన్సర్ కణాలు కనబడలేదు" అని రాస్తారు. ఆయన రాసింది తప్పు కాదు, తనకు అందిన ముక్కలో అవి నిజంగానే లేవు. ఆ కాగితం చూసి ఇంటిల్లిపాదీ దేవునికి స్తోత్రం చెల్లించి, మళ్ళీ ఆసుపత్రికి రాకుండా ఉండిపోతే, లోపల గడ్డ మాత్రం తన పని తాను చేసుకుంటూ పోతుంది.

సూది మొన ఎక్కడ ఉందో కచ్చితంగా తెలుసుకోవడానికి ప్రపంచంలో చాలామంది ఎందుకు ఇంత కష్టపడుతున్నారో, అందులో కంప్యూటరు ఏ పని చేస్తుందో ఈ పాఠంలో చెబుతాం.

చూడకుండా గుచ్చడం, చూస్తూ గుచ్చడం

పైకి చేతికి తగిలే గడ్డ అయితే వేళ్ళతో పట్టుకుని సూది పెట్టవచ్చు. కాలేయంలోనో, మూత్రపిండంలోనో, ప్రోస్టేట్ గ్రంథిలోనో ఉన్న గడ్డ చేతికి అందదు. దానికి లోపలి బొమ్మ కావాలి. మన ప్రాంతంలో ఇటువంటి బయాప్సీలలో ఎక్కువ భాగం అల్ట్రాసౌండ్‌తో గాని, సి.టి. స్కాన్‌తో గాని చేస్తారు. అల్ట్రాసౌండ్ చవక, సూది కదులుతూ ఉండగానే తెర మీద కనబడుతుంది. ఊపిరితిత్తుల గడ్డలకు సి.టి. బాగా పనికి వస్తుంది. మీ ఇంటివారికి వీటితో చేస్తామంటే తక్కువ రకం వైద్యం జరుగుతోందని అనుకోకండి. గడ్డ వాటిలో చక్కగా కనబడుతుంటే అవే సరైన సాధనాలు.

కాని కొన్ని గడ్డలు అల్ట్రాసౌండ్‌లోనూ సి.టి.లోనూ సరిగా కనబడవు, ఎం.ఆర్.ఐ.లో మాత్రమే స్పష్టంగా కనబడతాయి. ప్రోస్టేట్ గడ్డలలో, రొమ్ములోని కొన్ని గడ్డలలో ఈ సమస్య ఎక్కువ. వెనకటి రోజులలో ప్రోస్టేట్ బయాప్సీ అంటే, అనుమానం ఉన్న చోటు కనబడదు కాబట్టి అల్ట్రాసౌండ్‌లో గ్రంథిని మాత్రం చూస్తూ పది పన్నెండు చోట్ల వరసగా గుచ్చి ముక్కలు తీసేవారు. చెరువులో చేప కనబడక అంతటా వల విసిరినట్టు ఉండేది. 2018లో ప్రెసిషన్ అనే పేరుతో 11 దేశాలలో చేసిన ఒక పరిశోధన ఫలితాలు వచ్చాయి. అందులో 500 మంది పురుషులను రెండు గుంపులుగా చేశారు. ఒక గుంపుకు పాత పద్ధతిలో గుచ్చారు. రెండవ గుంపుకు ముందు ఎం.ఆర్.ఐ. తీసి, అనుమానం కనబడిన చోటనే గుచ్చారు, ఏమీ కనబడని వారికి అసలు గుచ్చలేదు. వైద్యం అవసరమైన క్యాన్సర్ పాత పద్ధతిలో నూటికి 26 మందిలో బయటపడితే, ఎం.ఆర్.ఐ. చూసి గుచ్చినవారిలో నూటికి 38 మందిలో బయటపడింది. రెండు గుంపులకూ వాడింది సూదులే. అవి ఎక్కడికి వెళ్ళాయన్న దానిలోనే తేడా ఉంది.

ఎం.ఆర్.ఐ. బొమ్మను ముందు తీసిపెట్టుకుని, తరువాత అల్ట్రాసౌండ్ బొమ్మతో కలిపి చూస్తూ గుచ్చడం ఒక పద్ధతి. రోగిని ఎం.ఆర్.ఐ. యంత్రంలోనే పడుకోబెట్టి, అక్కడే సూది పెట్టి, అక్కడే మళ్ళీ బొమ్మ తీసి చూడడం ఇంకొక పద్ధతి. ఇక మీదట మనం మాట్లాడేది ఈ రెండవ దాని గురించి.

యంత్రంలో పడుకున్న మనిషికి సూది పెట్టడం

మీరు ఎం.ఆర్.ఐ. యంత్రాన్ని చూసే ఉంటారు. పొడుగాటి గొట్టం, మధ్యలో మనిషి దూరేంత రంధ్రం. ఆ రంధ్రం వెడల్పు 60 నుంచి 70 సెంటీమీటర్లు. రోగి లోపల ఉంటే డాక్టరుగారి చేతులు అక్కడికి అందడమే కష్టం. అమెరికాలోని బోస్టన్ నగరంలో బ్రిగమ్ అండ్ విమెన్స్ హాస్పిటల్ వారు ఈ ఇబ్బంది కోసం 1994లో ఒక ప్రత్యేక యంత్రం పెట్టారు. రెండు పెద్ద గారెలను పక్కపక్కన నిలబెట్టి మధ్యలో కాస్త ఖాళీ వదిలినట్టు ఉండేది అది. రోగి ఆ రంధ్రాలలో పడుకుంటే డాక్టరు ఆ ఖాళీలో నిలబడి పని చేసేవారు. ఆ పనికి నాయకత్వం వహించిన ఫెరెన్స్ యోలెస్ అనే వైద్యుడు 2014లో మరణించారు. 2011లో అదే ఆసుపత్రిలో ఎం.ఆర్.ఐ.నీ ఆపరేషన్ థియేటరునూ కలిపి అమిగో అనే పేరుతో గదుల సముదాయం తెరిచారు.

మామూలు గొట్టం యంత్రంలో చేసేటప్పుడు పని ఇలా సాగుతుంది. మొదట బొమ్మ తీసి గడ్డ ఎక్కడ ఉందో గుర్తిస్తారు. బల్లను బయటకు లాగి, ఆ చోటు మొద్దుబారడానికి ఇంజెక్షన్ ఇచ్చి, సూదిని కొంత దూరం పంపుతారు. బల్లను మళ్ళీ లోపలికి నెట్టి బొమ్మ తీస్తారు. సూది వేరే దిక్కుకు పోతుంటే సరిచేస్తారు. మళ్ళీ లోపలికి, మళ్ళీ బొమ్మ. బయట కుర్చీలో కూర్చున్న మీకు "ఇంతసేపా, ఏదైనా తేడా వచ్చిందా" అనిపిస్తుంది. చాలాసార్లు ఏ తేడా వచ్చి ఉండదు. ఈ లోపలికి బయటకు తిరగడంలోనే ఆ సమయమంతా పోతుంది.

సూది కాదు, సూది నీడ

తీసిన బొమ్మలో సూది ఉన్నది ఉన్నట్టుగా కనబడదు. ఈ ఒక్క మాట అర్థమైతే తక్కినదంతా సులువు.

ఎం.ఆర్.ఐ.లో ఎక్స్-రే కిరణాలు లేవు. పెద్ద అయస్కాంతం ఉంటుంది. దాని బలాన్ని టెస్లాలలో కొలుస్తారు. ఆసుపత్రులలో ఎక్కువగా ఉండేవి 1.5 టెస్లా, 3 టెస్లా యంత్రాలు. 1.5 టెస్లా అంటే భూమికి ఉన్న అయస్కాంత బలానికి సుమారు 30 వేల రెట్లు. మన ఒంట్లోని నీటిలో, కొవ్వులో హైడ్రోజన్ ఉంటుంది. యంత్రం రేడియో తరంగాలు పంపితే అది జవాబుగా సన్నని సంకేతం ఇస్తుంది. ఆ సంకేతాలను పోగుచేసి కంప్యూటరు బొమ్మ గీస్తుంది. ఈ విధానానికి పునాది వేసిన పాల్ లాటర్‌బర్, పీటర్ మాన్స్‌ఫీల్డ్‌లకు 2003లో నోబెల్ బహుమానం వచ్చింది.

సూదిలో నీరు లేదు కాబట్టి అది సంకేతం ఇవ్వదు. బొమ్మలో ఆ చోటు నల్లగా పడుతుంది. అంతటితో ఆగితే బాగుండేది. సూది లోహం తన చుట్టూ ఉన్న అయస్కాంత ప్రభావాన్ని కూడా కాస్త చెదరగొడుతుంది. అందువల్ల పక్కనున్న కండ కూడా నల్లబడుతుంది. సన్నని సూది బొమ్మలో లావుపాటి నల్లగీతగా కనబడుతుంది. మామూలు ఉక్కు సూదిని ఆ గదిలోకే తీసుకురాకూడదు. టైటానియంతో గాని, నికెల్-టైటానియం మిశ్రమంతో గాని చేసిన ప్రత్యేకమైన సూదులు వాడతారు. వాటికి కూడా ఈ నల్లని నీడ తప్పదు, కాస్త తగ్గుతుంది అంతే.

ఎండలో మన నీడ పొద్దున పొడుగ్గా, మధ్యాహ్నం పొట్టిగా ఉంటుంది గదా. సూది నీడ కూడా దాని దిక్కును బట్టి మారుతుంది. యంత్రంలోని అయస్కాంత ప్రభావం మనిషి పడుకున్న దిశలోనే, తల నుంచి కాళ్ళ వైపుగా ఉంటుంది. సూది అదే దిశలో వెళ్తే నీడ సన్నగా పడుతుంది. అడ్డంగా వెళ్తే లావుగా పడుతుంది. ప్రోస్టేట్ కోసం కాళ్ళ మధ్య నుంచి పైకి పంపే సూది దాదాపు ఆ దిశలోనే వెళ్తుంది. కాలేయం కోసం పక్కటెముకల సందులోంచి పెట్టే సూది అడ్డం పడుతుంది. మొన దగ్గర ఇంకొక చిక్కు ఉంది. నల్లగీత ఎక్కడ ఆగిందో అసలు మొన సరిగ్గా అక్కడే ఉండాలని లేదు. నీళ్ళలో పెట్టిన కర్ర ఉన్న చోట కాక పక్కన ఉన్నట్టు కనబడినట్టే, ఇక్కడ కూడా కొద్ది తేడా రావచ్చు.

ఇన్ని చిక్కులున్న బొమ్మలు పొరలు పొరలుగా పదుల సంఖ్యలో వస్తాయి. వాటిలో గీత ఏ పొరలో మొదలై ఏ పొరలో ఆగిందో చూసి, సూది గడ్డలో ఉందా లేదా అన్నది అక్కడికక్కడే తేల్చాలి. లోపల రోగి కదలకుండా పడుకుని ఉంటాడు. అనుభవం ఉన్న కళ్ళకు అది సాధ్యమే, కాని సమయం పడుతుంది. ఇద్దరు అనుభవజ్ఞులు చూసినా ఒకే చుక్క దగ్గర వేలు పెట్టరు.

కంప్యూటరుకు బియ్యంలో రాళ్ళు ఏరడం నేర్పినట్టు

ఇక్కడే డీప్ లెర్నింగ్ అనే పద్ధతి సహాయానికి వస్తుంది. ఆ పేరు చూసి బెదరవద్దు. చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరడం మీ అమ్మగారు మీకు ఎలా నేర్పారో గుర్తు తెచ్చుకోండి. రాయి ఇన్ని మిల్లీమీటర్లు ఉంటుంది, ఈ రంగులో ఉంటుంది అని నియమాలు చెప్పలేదు. "ఇదిగో రాయి, ఇది నూక, ఇది వడ్లగింజ" అని చూపించారు. మీరు తప్పు ఏరితే సరిదిద్దారు. కొన్నాళ్ళకు మీ కన్ను దానంతటదే రాయి మీదకు పోవడం మొదలైంది.

కంప్యూటరుకు కూడా అంతే. సూది ఉన్న ఎం.ఆర్.ఐ. బొమ్మలు వందలకొద్దీ పోగుచేస్తారు. అనుభవమున్నవారు ఒక్కొక్క దానిలో సూది ఎక్కడ ఉందో, మొన ఎక్కడ ఉందో గుర్తు పెడతారు. కంప్యూటరు తాను ఒక జవాబు ఊహిస్తుంది, దాన్ని మనిషి పెట్టిన గుర్తుతో పోల్చుకుంటుంది, తేడా ఉన్నంత మేరకు తన లోపలి లెక్కలను కొద్దిగా సవరించుకుంటుంది. ఇలా వేలసార్లు జరుగుతుంది. బొమ్మలు చూసే పనికి కన్వల్యూషనల్ న్యూరల్ నెట్‌వర్క్ అనే అమరిక బాగా కుదిరింది. వైద్యుల బొమ్మలలో ఒక భాగాన్ని వేరుచేసి గుర్తించడానికి 2015లో జర్మనీలోని ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయం వారు తయారు చేసిన యు-నెట్ అనే నమూనా అటువంటిదే. ఆ తరువాత వచ్చిన ఇలాంటి పనులకు అది దారి చూపింది.

పైన చెప్పిన బోస్టన్ ఆసుపత్రి పరిశోధకులు ఈ పద్ధతిని ప్రోస్టేట్ బయాప్సీ సూదులకు వాడి, 2019లో వివరాలు ప్రచురించారు. 71 మంది రోగులకు సూది పెట్టిన తరువాత తీసిన 583 స్కాన్లలో సూదిని గుర్తుపెట్టి కంప్యూటరుకు నేర్పారు, పరీక్షించారు. పరీక్ష పెట్టిన తీరు గమనించండి. కొందరు రోగుల స్కాన్లను పూర్తిగా పక్కన దాచి, నేర్పేటప్పుడు ఒక్కటి కూడా చూపించకుండా, చివరలో వాటి మీదే పరీక్ష పెట్టారు. పిల్లవాడికి వర్కుబుక్కులో చేయించిన లెక్కనే పరీక్షలో ఇస్తే మార్కులు వస్తాయి, లెక్క వచ్చినట్టు మాత్రం కాదు. ఆ జాగ్రత్త ఇక్కడ తీసుకున్నారు.

ఫలితం ఇది. సూది మొన విషయంలో కంప్యూటరు చెప్పిన చోటికీ మనిషి గుర్తుపెట్టిన చోటికీ సగటున 2.80 మిల్లీమీటర్లు తేడా వచ్చింది. సూది దిశలో ఒక డిగ్రీ కన్నా తక్కువ, 0.98 డిగ్రీ తేడా వచ్చింది. తరువాత ఇంకొక మనిషిని పిలిచి, మొదటివారి గుర్తులు చూపించకుండా అవే స్కాన్లలో సూదిని గుర్తించమన్నారు. ఇద్దరు మనుషుల మధ్య ఉన్న తేడా, కంప్యూటరుకూ మనిషికీ మధ్య ఉన్న తేడా దాదాపు ఒకే స్థాయిలో ఉన్నాయి. కంప్యూటరు మనిషిని మించిందని దీనికి అర్థం కాదు. అనుభవమున్న మరొక సహోద్యోగి పక్కన నిలబడి "నాకు ఇక్కడ కనబడుతోంది" అని వెంటనే చెప్పినట్టు అది సహాయపడగలదని అర్థం.

2.80 మిల్లీమీటర్లు ఎక్కువా, తక్కువా? గడ్డను బట్టి చెప్పాలి. గడ్డ అడ్డంగా 10 మిల్లీమీటర్లు ఉండి, మధ్యకు గురి పెడితే, 3 మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా సూది గడ్డలోనే ఉంటుంది. గడ్డ 5 మిల్లీమీటర్లే ఉంటే మధ్య నుంచి అంచుకు రెండున్నర మిల్లీమీటర్లే, అంటే సూది బయటపడవచ్చు. ఇంకొక సంగతి కూడా ఉంది. బయాప్సీ సూది ముక్కను చుక్కలాగా తీయదు. సుమారు ఒక మిల్లీమీటరు మందం, ఒకటిన్నర రెండు సెంటీమీటర్ల పొడవు ఉన్న సన్నని పోగులాగా తీస్తుంది. కాబట్టి మొన కాస్త ముందుకో వెనక్కో ఉంటే అంత నష్టం లేదు. పక్కకు తప్పితేనే నష్టం. 10 సెంటీమీటర్ల లోతులో ఒక డిగ్రీ తేడా అంటే సుమారు 1.7 మిల్లీమీటర్లు పక్కకు. అందుకే దిశలో తేడా అంత తక్కువగా రావడమే ఈ ఫలితంలో ముఖ్యమైనదని మాకు అనిపిస్తుంది.

లాస్ ఏంజిలస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు ఇంకొక వైపు నుంచి వచ్చారు. సూది కదులుతూ ఉండగానే వెంటవెంటనే తీసే బొమ్మలలో దాన్ని వెన్నంటి పట్టుకోవడానికి మాస్క్ ఆర్-సి.ఎన్.ఎన్. అనే నమూనాను వాడి 2020లో ప్రచురించారు. 2021లో, కనబడే నల్లగీత నుంచి అసలు సూది ఎక్కడ ఉందో రాబట్టే పని కూడా కంప్యూటరుకు నేర్పారు. దీనికి అయస్కాంత సూత్రాల ప్రకారం కంప్యూటరులోనే నీడలు సృష్టించి చూపించారు.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఉన్న తల్లుల కుటుంబాలకు

ఈ క్యాన్సర్ మన దేశంలో స్త్రీలకు ఎక్కువగా వచ్చే వాటిలో ఒకటి. బయటి నుంచి కరెంటు పెట్టడం (రేడియేషన్‌ను మన ఊళ్ళలో అలాగే అంటారు గదా) అయిన తరువాత, చాలామందికి లోపలి నుంచి కూడా రేడియేషన్ ఇస్తారు. దాన్ని బ్రేకీథెరపీ అంటారు. గడ్డ పెద్దదైతే, ఒక పక్కకు పాకి ఉంటే, సన్నని గొట్టాలను సూదుల్లాగా గడ్డలోకి గుచ్చి, వాటి గుండా రేడియోధార్మిక పదార్థాన్ని కొద్దిసేపు పంపి వెనక్కు తీస్తారు. ఇక్కడ ఒక్క సూది కాదు, పదీ పదిహేనూ ఉండవచ్చు. ప్రతి ఒక్కటి ఎక్కడ ఉందో స్కాన్‌లో గీసిన తరువాతే మోతాదు లెక్క మొదలవుతుంది. ముందు మూత్రాశయం, వెనక పెద్దపేగు ఆనుకుని ఉంటాయి. ఒక గొట్టాన్ని రెండు మూడు మిల్లీమీటర్లు తప్పుగా గీస్తే గడ్డకు పోవలసిన మోతాదు వాటికి పోతుంది. ఆ గీతలు గీసే సమయమంతా తల్లి గొట్టాలతో కదలకుండా పడుకుని ఉండాలి. ఈ పనిని కంప్యూటరుకు నేర్పడం గురించి ఇటలీ, బోస్టన్ పరిశోధకులు 2019లో రాశారు. ప్రోస్టేట్ బ్రేకీథెరపీలోనూ ఇలాంటి ప్రయత్నాలు జరిగాయి. మా దృష్టిలో రోగికి ఎక్కువ ఉపశమనం ఇక్కడే రావచ్చు, ఎందుకంటే తగ్గేది ఆమె బాధపడే సమయం.

కంప్యూటరు సూది గుచ్చుతుందా?

గుచ్చదు. ఈ పాఠంలో చెప్పిన కంప్యూటరు చూసి చెబుతుంది, అంతే. సూది పట్టుకున్న చెయ్యి డాక్టరుగారిదే. ముందుకు పోవాలా, ఆగాలా, వెనక్కు తీయాలా అన్న నిర్ణయమూ ఆయనదే, ఆమెదే. సూదిని గురి పెట్టే మరమనుషుల మీద కూడా పరిశోధనలు ఉన్నాయి గాని అది వేరే విషయం.

కంప్యూటరు పొరబడే చోట్లు ఉన్నాయి. రక్తం వేగంగా పారే నాళం, గాలి, సున్నం పేరుకున్న చోటు కూడా ఎం.ఆర్.ఐ.లో నల్లగానే పడతాయి. ఒక ఆసుపత్రి యంత్రంలో, ఒక రకం సూదితో నేర్చుకున్నది ఇంకొక యంత్రంలో, ఇంకొక సూదితో తడబడవచ్చు. మనిషికి అనుమానం వస్తే "నాకు సరిగా కనబడడం లేదు" అంటాడు. కంప్యూటరు చాలాసార్లు అలా అనదు, ఏదో ఒక జవాబు చెప్పేస్తుంది. అందుకే ఆ జవాబును డాక్టరు తన కళ్ళతో సరిచూసుకోవాలి. "మా దగ్గర ఎ.ఐ. ఉంది" అని ఎక్కడైనా బోర్డు చూసి, దాని కోసమే అప్పు చేసి అక్కడికి పరుగెత్తవద్దు. ఇటువంటి బయాప్సీలు చేసి అలవాటు ఉన్న వైద్యుడు, ముక్కను చదవగల మంచి పెథాలజిస్టు ఉన్న చోటు వెతకడం అంతకన్నా మేలు.

మీ చేతుల్లో ఉన్న పని

ఎం.ఆర్.ఐ. అయస్కాంతం బొమ్మ తీయనప్పుడు కూడా పని చేస్తూనే ఉంటుంది. ఫ్యాను లాగా స్విచ్ నొక్కితే ఆగేది కాదు. 2018 జనవరిలో ముంబయిలోని ఒక ఆసుపత్రిలో రోగి వెంట వచ్చిన బంధువు ఆక్సిజన్ సిలిండరు పట్టుకుని ఆ గదిలోకి వెళ్ళాడు. అయస్కాంతం సిలిండరుతో సహా అతన్ని లాగేసింది. ప్రాణం పోయింది. చనిపోయింది రోగి కాదు, సాయానికి వచ్చినవాడు. సిబ్బంది లోపలికి రమ్మని చెప్పేంతవరకు ఎంత తొందర ఉన్నా, లోపల మీవారు పిలుస్తున్నా, ఆ గడప దాటకండి.

రోగి ఒంటి మీద ఉన్న గాజులు, మెట్టెలు, మంగళసూత్రం, చెవిదుద్దులు, జడపిన్నులు, పిన్నీసులు, మొలతాడుకు కట్టిన బిళ్ళలు ఇంటి దగ్గరే తీయించి రండి. మంగళసూత్రం తీయడానికి కొందరు తల్లులు బాధపడతారు. పసుపు దారంతో మార్చుకుని రావచ్చు. గుండెకు పేస్‌మేకర్ గాని, మెదడులో క్లిప్పు గాని, చెవిలో యంత్రం గాని ఉంటే తప్పక చెప్పండి. విరిగిన ఎముకకు రాడ్డు వేయించి ఉంటే ఎప్పుడు, ఎక్కడ వేయించారో ఆ కాగితాలు తెండి. వెల్డింగు పని చేసినవారు, ఎప్పుడైనా కంట్లో ఇనుప రజను పడినవారు అయితే ఆ మాట మీరే గుర్తుపెట్టుకుని చెప్పాలి, రోగికి అది తట్టకపోవచ్చు. ఇరుకైన చోటంటే భయపడే మనిషి అయితే అది కూడా ముందే చెప్పండి.

రక్తం పల్చబడే మందులు వాడుతుంటే డాక్టరుకు చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి. గుండెకు స్టెంటు వేయించుకున్నవారు మందు ఉన్నపళంగా ఆపితే స్టెంటు మూసుకుపోవచ్చు. ఎన్ని రోజుల ముందు ఆపాలో, అసలు ఆపాలో లేదో వారు చెబుతారు.

ప్రోస్టేట్ బయాప్సీ తరువాత కొన్ని రోజులు మూత్రంలో కాస్త రక్తం కనబడడం మామూలే. చలి, జ్వరం వస్తే, మూత్రం ఆగిపోతే, గడ్డలు గడ్డలుగా రక్తం పోతే తెల్లవారేదాకా చూడకండి. రాత్రి అయినా సరే ఆసుపత్రికి తీసుకురండి.

రిపోర్టు చేతికి వచ్చాక

ఎక్కువమంది రిపోర్టు తీసుకుని, అందులో "క్యాన్సర్ లేదు" అన్న మాట ఎవరితోనైనా చదివించుకుని ఇంటికి వెళ్ళిపోతారు. దయచేసి అలా చేయకండి. దాన్ని మిమ్మల్ని పంపిన డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళ్ళి, ఎం.ఆర్.ఐ. బొమ్మలో కనబడినదానికీ ఈ రిపోర్టుకూ పొందిక కుదిరిందా అని అడగండి. సూది గడ్డలోనే ఉన్నట్టు ఆ రోజు తీసిన బొమ్మలో కనబడిందా, ఎన్ని ముక్కలు వచ్చాయి, అవి పరీక్షకు సరిపోయాయా అని కూడా అడగండి. అలా అడిగితే డాక్టరుగారు తప్పుపట్టరు, వారు కూడా అదే చూసుకుంటారు. బొమ్మలో అనుమానం గట్టిగా ఉండి రిపోర్టులో ఏమీ రాకపోతే రెండింటిలో ఒకటి సరి కాదన్నమాట. అప్పుడు మళ్ళీ బయాప్సీ చేయాలని గాని, మూడు నాలుగు నెలల తరువాత మళ్ళీ ఎం.ఆర్.ఐ. తీయాలని గాని చెప్పవచ్చు. "మొదటిసారి సరిగా చేయలేదు, డబ్బు కోసం మళ్ళీ చేస్తున్నారు" అని చుట్టాలు అనవచ్చు. మొదటి సూది ఎంత జాగ్రత్తగా పెట్టినా చిన్న గడ్డ పక్కనుంచి పోయే అవకాశం ఎందుకు ఉందో మీకు ఇప్పుడు తెలుసు గనుక, వారికి మీరే చెప్పగలరు.

"ముక్క చాలలేదు" అని రిపోర్టులో రాసి ఉంటే అది మంచి వార్తా కాదు, చెడ్డ వార్తా కాదు. పరీక్ష ఇంకా జరగలేదని అర్థం. రెండవసారి వచ్చేటప్పుడు మొదటి ఎం.ఆర్.ఐ. ఫిల్ములు, సి.డి., పాత రిపోర్టు అన్నీ ఒకే సంచిలో పెట్టుకుని వెంట తెండి. ల్యాబులో ఉన్న పాత స్లైడ్లను కూడా అడిగి తీసుకోవచ్చు, వేరే ఊరి డాక్టరుకు చూపించవలసి వస్తే పనికివస్తాయి.